కొలకర్ర కింది నేల

ఏప్రిల్ నెల ఇరవై రెండో తేదీ, సోమవారం, ఉదయం పూట. స్థలం మా అక్క ఇంటి ముందు వసారా. హాజరైనవారు: ఇంటి యజమాని, ఇంటి ముందున్న పెట్రోలు బంకుకు కూడా యజమాని అయిన మా బావ, ఆయన భార్య, అంటే మా అక్క, ఆయన తల్లి, అంటే మా అత్తయ్యగారు, వెనక వీధి లాండ్రీ ఆసామి, ఆయన ఫిర్యాదు మీద నగరపాలక సంస్థ పంపిన ఇంజనీరమ్మ, నేను. రోడ్డుకు అవతలి పక్క మరో బంకు నడుపుతున్న బావ తమ్ముడు, మా చిన్నబావ, గేటు బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన హాజరైనట్టా కానట్టా అన్న దగ్గరే మొదటి వాదన పుట్టింది.

"వసారా ఎక్కనివాడు సమావేశంలో లేనట్టే," అన్నాడు బావ, గేటు వైపు చూడకుండా.

ఇంజనీరమ్మ కలం మూత తీసి, ఆయనకు మన మాటలు వినబడుతున్నాయి గనక హాజరైనట్టే రాసుకుంటానంది. గేటు అవతల స్టూలు ఒక జానెడు ముందుకు జరిగిన చప్పుడైంది.

అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోక చాలా ఏళ్లయింది. మామయ్యగారు పోయాక పంపకాలు ఎంత సజావుగా జరిగాయంటే చూసినవాళ్లు మెచ్చుకున్నారు. గోడ గడియారం పెద్దవాడికి, దానికి కీ ఇచ్చే తాళంచెవి చిన్నవాడికి వచ్చాయని మా అక్క ఇప్పటికీ చెబుతుంది. రెండు భాగాలు చెయ్యడానికి వీల్లేని వస్తువు ఒక్కటే మిగిలింది. అది మామయ్యగారి కొలకర్ర. నేలలో పాతిన ట్యాంకులో పెట్రోలు ఎంతుందో చూడటానికి పైనున్న గొట్టంలోంచి అడుగు తగిలేదాకా దించే పొడుగాటి టేకు కర్ర. ఒంటినిండా గీతలు, కింద ఇత్తడి మొన. పెద్దవాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చిన్నవాడు ఆ సాయంత్రమే రోడ్డు దాటి వెళ్లి, మళ్లీ ఆ గేటు లోపల అడుగుపెట్టలేదు. అక్కడ తన సొంత బంకు పెట్టుకున్నాడు. కర్ర లేదు కాబట్టి, ట్యాంకులో మట్టం ఎంతుందో తెర మీద అంకెల్లో చూపించే యంత్రం కొనుక్కున్నాడు. తన ట్యాంకులో ఏముందో వాడు టీవీ చూసి తెలుసుకుంటాడట, అని బావ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

అయినా చిన్నబావ ప్రతి సాయంత్రం తల్లిని చూడటానికి వచ్చేవాడు. ఆవిడ కుర్చీ గేటుకు లోపల, ఆయన స్టూలు గేటుకు బయట. చట్టప్రకారం ఆయన కూర్చునేది నగరపాలక సంస్థ వారి స్థలంలో.

ఇక బావ సంగతి. ఆయన తెల్లవారగానే స్నానం చేసి, అత్తయ్యగారు కుట్టిన గుడ్డ ఒరలోంచి కొలకర్ర తీసి, గొట్టంలోంచి జారవిడిచేవాడు. ఇత్తడి మొన ట్యాంకు అడుగును తాకి ఠంగుమనేది. పైకి లాగి, తడిసినంతమేరా చూసి, తుడిచి, మళ్లీ జారవిడిచేవాడు. ఒక కొలత నమ్మేవాడు కాదు. మూడు కొలతలు తీసుకుని మధ్యది రాసుకునేవాడు. ఠంగు, ఠంగు, ఠంగు. వెనక గదిలో నేను కళ్లు తెరిచేది ఆ చప్పుడుకే. ఆ ఇంట్లో చేరింది మొదలు అలారం గడియారం కొనవలసిన అవసరం నాకు కలగలేదు.

నా గురించి చెప్పవలసింది తక్కువ. తర్కశాస్త్రం చదివాను, కొంతకాలం చెప్పాను, మనుషుల రద్దీకి తట్టుకోలేక మానేశాను. ఒక బృహద్గ్రంథానికి పదసూచిక తయారుచేస్తున్నాను. గ్రంథకర్త తన పని ముగించి, ఆ తర్వాత కాలం కూడా చేశారు. నేనింకా 'ద' అక్షరం దాటలేదు.

ఆనాటి సమావేశానికి లాండ్రీ ఆసామి సాక్ష్యంగా ఒక దుప్పటి తెచ్చాడు. తన బావి నీళ్లలో ఉతికినదట. తెల్లగా, మడత చెదరకుండా ఉంది. అయితే దాన్నుంచి పెట్రోలు వాసన వస్తోందని, అతని పనివాళ్లు ఇస్త్రీ పెట్టె పట్టుకోవడానికి జంకుతున్నారని చెప్పాడు.

"పక్కన బకెట్టుతో ఇసుక పెట్టుకుని ఇస్త్రీ చేస్తున్నామండీ," అన్నాడు. "ఇది లాండ్రీయో ఫైర్ స్టేషనో నాకే తెలియట్లేదు."

దుప్పటి చేతులు మారింది. బావ వాసన చూసి, సబ్బు మంచి రకమన్నాడు. అక్క ముక్కు చిట్లించింది. అత్తయ్యగారు మాత్రం దుప్పటి అంచు ముఖానికి ఆనించుకుని కాస్త ఎక్కువసేపే ఉంచుకున్నారు. తర్వాత తిరిగి ఇచ్చేశారు. అది నేను చూశాను గాని, అప్పటికి నాకు అర్థం కాలేదు.

ఇంజనీరమ్మ పద్ధతి వివరించింది. నేలలో పాతిన ట్యాంకు ఎక్కడో కారుతోంది. కారిన పెట్రోలు మట్టిలో ఇంకి, భూగర్భ జలంలో కలుస్తోంది. దగ్గర్లో ఉన్నవి రెండే బంకులు. మట్టి తవ్వి చూస్తుంది, నీళ్లు పరీక్షకు పంపిస్తుంది. ఎవరి ట్యాంకు కారుతోందని తేలితే వాళ్ల బంకు మూతపడుతుంది. ట్యాంకు పైకి తీసి, నేలనూ నీటినీ శుభ్రం చేసి, కొత్త ట్యాంకు పాతేదాకా తెరవడానికి వీల్లేదు.

బావ లేచి నిలబడ్డాడు. మాట ఇంజనీరమ్మతో అన్నా, గొంతు గేటు దాకా వెళ్లేంత పెంచాడు.

"నా ట్యాంకు సంగతి నాకు రోజూ తెలుసు. ఆ చిల్లు నాదే అయితే, మా నాన్న కొలకర్ర తీసుకెళ్లి అవతలివాడి చేతిలో పెడతాను. రాసుకోండి."

గేటు బయటి నుంచి నెమ్మదిగా జవాబు వచ్చింది. "అమ్మా, ఆ మాట గుర్తుపెట్టుకో."

చివరి అంశం సాక్షి. మట్టి, నీళ్లు సేకరించిన ప్రతి సీసాకూ అక్కడికక్కడే సీలు వేసి, ఇరుపక్షాలకూ నమ్మకమున్న ఒక మనిషి దాని మీద సంతకం చెయ్యాలట. బావ నా పేరు చెప్పాడు. బావ ఉప్పు తినేవాణ్ణి కనక చిన్నబావ ఒప్పుకోడని నేను ఆశపడ్డాను.

"బావగారైతే నాకు అభ్యంతరం లేదు," అన్నాడు చిన్నబావ. "ఆయనకు ఏ విషయంలోనూ ఆసక్తి లేదు."

ఆ విధంగా ఆ వేసవి అంతా నేను ఎండలో నిలబడ్డాను.

బోరు బండి వచ్చి మొదటి గుంత మా పెరట్లో, రెండోది చిన్నబావ బంకు పక్కన, మూడోది లాండ్రీ వెనకాల వేసింది. లోపలి నుంచి మట్టిని పొడుగాటి గొట్టాల్లో, ఏ లోతుది ఆ లోతులో ఉన్నట్టే, పైకి తెచ్చేవారు. గొట్టాన్ని నిలువునా చీల్చి బల్ల మీద పెడితే నేల కథ అంతా వరుసగా కనిపించేది: పైన గోధుమరంగు, దాని కింద బిగువైన ఎర్రబంక, ఇంకా కింద ఇసుక, ఆ ఇసుకలో ఉన్నట్టుండి నల్లగా, జిడ్డుగా ఒక పొర. ఇంజనీరమ్మ చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ నల్ల పొరలోంచి పిడికెడు తీసి, సీసాలో కూరి, నా ముందుకు తోసేది. మొదటి సీసా మీద నేను పూర్తి పేరు, పట్టాలు, విశ్వవిద్యాలయం, తేదీ వరుసగా రాశాను.

ఆమె దాన్ని కాసేపు చూసింది. "పేరు చాలండీ. ఇందులో ఏముందో రాయడానికి కూడా కొంచెం చోటు మిగల్చాలి."

సీసాలు చల్లగా ఉండాలట. తీసుకెళ్లే బండి వచ్చేదాకా మా అక్క ఫ్రిజ్‌లో పెట్టేవారు. పాల పక్కన పెరటి మట్టి ఏమిటని అక్క అడిగితే, సీళ్లు ఉన్నాయి కనక భయం లేదని చెప్పాను. సీళ్లు సీసాలకు ఉన్నాయిరా, పాలకు లేవు, అంది. ఆ మర్నాటి నుంచి పాల గిన్నె మీద మూత, మూత మీద సన్నికల్లు పొత్రం వెలిశాయి.

ఇంజనీరమ్మ దగ్గర చేతిలో ఇమిడే ఒక పరికరం ఉండేది. మట్టి దగ్గర పెడితే అక్కడి గాలిని పీల్చి, అందులో పెట్రోలు ఆవిరి ఎంతుందో అంకెల్లో చెప్పేది. మా పెరట్లో అది చూపిన అంకె చూసి బావ నవ్వాడు. దానికి ముక్కుందా అని అడిగాడు. ముప్పయ్యేళ్లుగా ఈ సరుకులోనే బతుకుతున్న తనకు ఒక్క చుక్క చాలనీ, అది తనదో అవతలివాడిదో ఇట్టే చెబుతాననీ అన్నాడు. ఆయన ఈ మాట రోజూ అనడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం భోజనాల తర్వాత మా అక్క మూడు గ్లాసులు, వాటిమీద మూడు పళ్లాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఒకటి మన బావిది. ఒకటి లాండ్రీవాళ్లది. ఇంకోటి వేరే. ఏది మీ తమ్ముడిదో చెప్పండి," అంది.

బావ కండువా సర్దుకున్నాడు. మొదటి గ్లాసు వాసన చూసి ఏమీ లేదన్నాడు. నాకు రెండు బారల దూరానికే కళ్లు మండాయి. రెండోది చూసి, ఇందులోనూ ఏమీ లేదన్నాడు. మూడోదాని దగ్గర కళ్లు మూసుకున్నాడు, తల పంకించాడు.

"ఇదిగో, ఇదే. ఇది మన సరుకు కాదు. ముమ్మాటికీ వాడిదే."

మా అక్క ఆ గ్లాసు తీసుకుని గటగటా తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"బావుంది మీ తమ్ముడి సరుకు. వంటింట్లో కుండలోది. చల్లగా ఉంది."

అన్నేళ్లు పెట్రోలు మధ్య బతికిన ముక్కు పెట్రోలునే వాసన పట్టడం మానేసిందని ఆ రోజు అందరికీ తెలిసింది. బావకు కూడా తెలిసింది. ఆయన లేచి బంకులోకి వెళ్లి, వేళ కాని వేళ కొలకర్ర దించి చూసుకున్నాడు. మూడుసార్లు.

పెరటి బావి నుంచి నీళ్ల సీసా తీసిన రోజు నేను గట్టు మీద కూర్చుని కాపలా ఉన్నాను. ఇంజనీరమ్మ ఇంకో సీసా కోసం బండి దగ్గరికి వెళ్లింది. ఆ నీళ్లు ముట్టుకోవద్దని ఆమె మొదటి రోజే అందరికీ చెప్పింది. అయినా అత్తయ్యగారు చెంబు పట్టుకుని, పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. దొరికిపోయిన మనిషిలా చెంబు వెనక్కి పెట్టుకున్నారు.

"తాగారా అత్తయ్యా?"

"తాగలేదురా అబ్బాయ్. మొహం కడుక్కుంటానంతే." ఆవిడ వచ్చి గట్టు మీద నా పక్కన కూర్చున్నారు. "ఈ వాసన మొన్న చలికాలం నుంచీ ఉంది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే బావి మూసేస్తారు."

ఆవిడ చెంబు ఒళ్లో పెట్టుకుని, అందులోకే చూస్తూ మాట్లాడారు.

"మీ మామయ్య ఇంటికొచ్చేటప్పుడు ముందు వాసన వచ్చేది. ఆ తర్వాత ఆయన వచ్చేవాడు. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు, స్నానం చేసి రమ్మని తిట్టేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే బకెట్టు పైకి లాగుతానా, బంకు మూసి ఇంటికొచ్చినట్టుంటుంది." చెంబు అంచు తుడిచి, "తిట్టాలనిపిస్తుంది కూడా," అన్నారు.

ఇంజనీరమ్మ తిరిగి వచ్చింది. మొహం కడుక్కున్న సంగతి విని ఆమె మొహం మాడిపోయింది. ఆ పూటే అత్తయ్యగారిని డాక్టరు దగ్గరికి పంపించింది. డాక్టరు అన్నీ చూసి, ఆవిడ రక్తపోటు తనదానికంటే నయంగా ఉందని చెప్పి, ఆ బావి జోలికి మాత్రం వెళ్లవద్దన్నాడు. సీసా చీటీ మీద 'ప్రత్యేక విషయాలు' రాయవలసిన గడి ఒకటి ఉంది. అందులో నేను ఏమీ లేవని రాశాను.

బావికి ఇనప మూత బిగించారు. అత్తయ్యగారు ఆ రోజు గేటు దగ్గర కుర్చీలో కూర్చోలేదు. చిన్నబావ స్టూలు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీతో కాసేపు గడిపి వెళ్లిపోయాడు.

బావ చేతిలో ఇంకా ఒక వాదన మిగిలి ఉంది. రోడ్డు అవతలి నుంచి ఇవతలికి వాలుగా ఉంటుంది. కాబట్టి ఏది కారినా అక్కడి నుంచి ఇక్కడికి రావాలి. నిరూపించడానికి అవతలి బంకు ముందు ఒక బకెట్టు నీళ్లు పోయాలన్నాడు. ఆయన రోడ్డు దాటడు, అవతలివాళ్లు పోయరు. కాబట్టి తటస్థుణ్ణి నేనే, చేతిలో బకెట్టు పట్టుకుని, రెండు వైపులా బళ్లు ఆపించి, రోడ్డు దాటి, చిన్నబావ కళ్లెదుట ఆయన బంకు ముంగిట నీళ్లు కుమ్మరించాను. ఆయన కాళ్లు పైకెత్తుకుని, బాగా పొయ్యండి బావగారూ, దుమ్ము అణుగుతుంది, అన్నాడు. నీళ్లు బుద్ధిగా పారి మా గేటు దగ్గర ఆగాయి. బావ గెలిచిన మనిషిలా ఇంజనీరమ్మ వైపు చూశాడు.

ఆమె మూడు గుంతల్లోకీ టేపు దించి, దేంట్లో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో కొలిచింది. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను. ఆ మూడు అంకెలతో మా భోజనాల బల్ల మీద ఒక త్రికోణం గీసి, దాని మీద నీళ్లు కదిలే దిక్కును బాణం గుర్తుతో చూపించింది. బంకమట్టి కింద నడిచే నీళ్లకు పైన రోడ్డు ఎటు వాలిందో తెలియదట. ఆ బాణం చిన్నబావ బంకును దూరంగా పక్కన వదిలేసి, సరిగ్గా బావ ట్యాంకు కిందుగా వెళ్లి, మా బావి మీదుగా లాండ్రీ చేరింది. నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. పుట పైభాగంలో వాక్యం ఒక దిక్కుగా పోతుంటే, అడుగున అధోజ్ఞాపిక తన దారిన తాను పోవడం నేను రోజూ చూసేదే. ఆ మాట పైకి అన్నాను. ఎవరూ నవ్వలేదు గాని, ఇంజనీరమ్మ ఒక క్షణం తలెత్తి చూసింది.

రెండు ట్యాంకులకూ పరీక్ష జరిగింది. మూతులన్నీ బిగించి, లోపలి గాలిని కొంచెం పీల్చి, గేజి ముల్లు నిలుస్తుందా పడుతుందా అని చూస్తారు. చిన్నబావ ట్యాంకు మీద ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది. అమ్మా, టీవీ సరిగ్గానే చూపించిందని చెప్పు, అని గేటు దగ్గరి నుంచి కబురొచ్చింది. బావ ట్యాంకు మీద ముల్లు ఊగి, వణికి, కిందికి దిగింది.

"ఒక కొలత నమ్మకూడదు," అన్నాడు బావ. "మూడుసార్లు చూసి మధ్యది తీసుకోవాలి."

ఇంజనీరమ్మ విసుక్కోకుండా మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. ప్రతిసారీ ముల్లు కిందికే దిగింది. మధ్యది తీసుకున్నా తేడా ఏమీ కనిపించలేదు.

ఇన్నాళ్లూ సరుకు తగ్గడం మీ కొలతలో తెలియలేదా అని ఆమె అడిగింది. తెలిసిందన్నాడు బావ. రోజూ వెంట్రుకవాసి తగ్గేదట. ఎండాకాలంలో ఆవిరైందనుకున్నాడు. చలికాలంలో చలికి ముడుచుకుందనుకున్నాడు. వానాకాలంలో ఏమనుకున్నారని అడిగితే, కొంచెం ఆలోచించి, వానాకాలంలో పెరిగేదన్నాడు. అది చిల్లులోంచి లోపలికి వచ్చిన నీళ్లని ఇంజనీరమ్మ చెప్పలేదు. అంతటి మర్యాదస్థురాలు.

బంకు మూతపడింది. మర్నాడు నేను బాగా పొద్దెక్కాక లేచాను. ఠంగుమన్న చప్పుడు లేదు. వసారాలోకి వెళ్లి చూస్తే, బావ స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఒరలో ఉన్న కొలకర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యడానికేమీ లేదు. మా అక్క కాఫీ పక్కన పెట్టింది. ఆయన కాఫీ చల్లారబెట్టుకున్నాడు. ఆ తర్వాత రోజుల్లో కూడా అంతే. వీధిలో వెళ్లేవాళ్లు పలకరిస్తే తల ఊపేవాడు. కర్ర వదిలేవాడు కాదు. మాట ఇచ్చాడు కనక అది త్వరలో తన చేతిలోంచి పోతుందని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. అయితే ట్యాంకు పైకి తీసి, చిల్లు కళ్లారా చూసేదాకా ఇవ్వనన్నాడు.

వానలు మొదలవక ముందే ట్యాంకును పైకి తీశారు. ముందుగా సరుకు తోడేసి, లోపలి ఆవిరంతా వెళ్లగొట్టి, చుట్టూ మట్టి తవ్వి, క్రేనుతో ఎత్తి, పక్కకు దొర్లించి పెట్టారు. తుప్పు పట్టిన పెద్ద ఇనప పీపా. అందరం చుట్టూ చేరాం. లాండ్రీ ఆసామి కూడా వచ్చాడు. చిన్నబావ తన స్టూలుతో సహా గేటు బయట నిలబడ్డాడు.

ఇంజనీరమ్మ టార్చి వేసి, అతుకుల వెంబడి, అంచుల వెంబడి వెతికింది. తుప్పు పైపైన మాత్రమే ఉంది. అతుకులు గట్టిగా ఉన్నాయి. చివరికి ట్యాంకు అడుగు భాగంలో, కొలకర్ర దించే గొట్టానికి సూటిగా కింద, టార్చి ఆగింది. అక్కడ ఇనుము గిన్నెలా లోపలి నుంచి బయటికి గుంట పడి ఉంది. గుంట నడుమ ఒక చిల్లు. తుప్పు తిన్న చిల్లుకు అంచులు గరుకుగా ఉంటాయి. ఈ చిల్లు గుండ్రంగా, నున్నగా, ఎవరో ఏళ్ల తరబడి ఓపికగా అరగదీసినట్టు ఉంది.

ఆమె టార్చి ఆర్పింది.

బావ ఒర ముడి విప్పాడు. కొలకర్ర బయటికి తీసి, వంగి, ఇత్తడి మొనను ఆ చిల్లులో పెట్టాడు. కొలతకు చేసినట్టు సరిపోయింది. కాసేపు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. క్రేను మనిషి ఇంజను ఆపేశాడు.

ఇలాంటివి తాను ఇంతకుముందు కూడా చూశానని, అందుకే ఇప్పుడు కొత్త ట్యాంకుల్లో కొలిచే గొట్టం కింద ఒక దళసరి పలక అదనంగా అతికిస్తున్నారని ఇంజనీరమ్మ మెల్లగా చెప్పింది. బావ విన్నాడో లేదో తెలియదు. కర్ర తీసి, మొన తుడిచి, రెండు చేతులతో పట్టుకుని గేటు వైపు నడిచాడు. మేమంతా అటే చూస్తున్నాం. చిన్నబావ స్టూలు కింద పెట్టాడు. అన్న గేటు దాటేలోపే తానే గేటు తోసుకుని లోపలికి వచ్చాడు.

"మాట ఇచ్చాను కదా," అన్నాడు బావ. "తీసుకో. నాన్న నీకిచ్చుండాల్సింది. నేను ఆయన ట్యాంకుకు చిల్లు పొడిచాను."

చిన్నబావ కర్రను చూశాడు. చేతులు చాపలేదు.

"నాన్న రోజుకు ఒక్కసారే దించేవాడు," అన్నాడు. "నువ్వు తప్పు రాకూడదని మూడుసార్లు దించేవాడివి. ఇది నాకొచ్చుంటే నేను ఆరుసార్లు దించేవాణ్ణి అన్నయ్యా. నా ట్యాంకు ఎప్పుడో పోయుండేది."

కర్ర ఇద్దరి మధ్యా గాలిలో ఉండిపోయింది. ఇచ్చేవాడు వెనక్కి తీసుకోలేడు, పుచ్చుకోవలసినవాడికి వద్దు. అప్పుడు వసారా మీది నుంచి అత్తయ్యగారు చెయ్యి చాపారు.

"ఇటివ్వండి దాన్ని. మీ ఇద్దరి ధ్యాసా ట్యాంకుల మీదే."

కొడుకులిద్దరూ చెరో కొసా పట్టుకుని తీసుకెళ్లి ఇచ్చారు. ఆవిడ ఇత్తడి మొన ఉన్న వైపు ముఖం దగ్గరికి తెచ్చుకుని వాసన చూశారు. ఎన్నేళ్ల పెట్రోలు ఆ టేకులోకి ఇంకిందో.

"స్నానం చేసి రమ్మంటే వినడు," అని తనలో తాను అనుకుంటూ, దాన్ని తన గదిలోకి తీసుకెళ్లి, మంచం తలవైపు గోడకు ఆనించారు. దాన్ని గాలి తగిలేచోట పెట్టాలని ఇంజనీరమ్మ చెప్పబోయింది. మా అక్క కిటికీ రెక్కలు తెరిచి, ఆమెకు కాఫీ కప్పు చేతికిచ్చింది.

ఇక కాగితం మిగిలింది. అందరం భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. చిన్నబావకు కుర్చీ వేశారు. ఆయన కాసేపు దాని అంచునే, స్టూలు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. పాడైన మట్టి ఎంత తియ్యాలి, నీళ్లు ఎలా తోడి శుభ్రం చెయ్యాలి, లాండ్రీకి అంతదాకా నీళ్లు ఎవరు సరఫరా చెయ్యాలి, అన్నీ రాసి ఉన్నాయి. బావ దేనికీ అడ్డు చెప్పలేదు. 'లీకుకు కారణం' అన్న చోటు మాత్రం ఖాళీగా ఉంది. అది సాక్షి చేతిరాతలో ఉండాలంది ఇంజనీరమ్మ.

"తుప్పని రాసెయ్యండి బావగారూ," అన్నాడు చిన్నబావ, అన్న వైపు చూడకుండా. "ఎవరు చూడొచ్చారు."

"వద్దు," అన్నాడు బావ. "కొలిచినందుకు చిల్లు పడిందని రాయి. ఉన్నదున్నట్టు రాయి."

ఇలాంటి వాక్యం కోసం నేను జీవితమంతా సిద్ధమై ఉన్నాను. చిత్తుకాగితం అడిగాను. రాశాను, కొట్టేశాను, మళ్లీ రాశాను. అక్క నాలుగు ఉల్లిపాయలు తరిగేసింది. లాండ్రీ ఆసామి గోడకు జేరబడి కునుకు తీశాడు. చివరికి అసలు కాగితం మీద ఇలా రాశాను: "దీర్ఘకాలం పాటు ప్రతి ఉదయమూ ఒకే చోట, అవసరానికి మించిన శ్రద్ధతో కొలవడం."

ఇంజనీరమ్మ చదివింది. 'అవసరానికి మించిన శ్రద్ధతో' అన్న చోట ఆమె కలం ఆగింది. ఇలాంటి కాగితాల్లో విశేషణాలు ఉండవని నాకు తెలుసు. ఆమె నా వైపు చూసింది, బావ వైపు చూసింది, కలం మూత పెట్టేసింది.

"ఇంకొకటుంది," అంది. "శుభ్రం చెయ్యడం పూర్తయ్యేదాకా మూడు గుంతల్లోనూ నెలనెలా నీటిమట్టం కొలవాలి. రెండోది రోడ్డు అవతల ఉంది. ఎవరు కొలుస్తారు?"

"కొలవడం మా ఇంట్లో అన్నయ్యకే వచ్చు," అన్నాడు చిన్నబావ.

"టేపుతో," అంది ఇంజనీరమ్మ.

"ఒక్కసారే," అంది మా అక్క.

బావ తలూపి, కాగితం ముందుకు లాక్కుని సంతకం చేశాడు. దాని కింద చిన్నబావ చేశాడు. లాండ్రీ ఆసామిని తట్టి లేపి చేయించారు. చివరగా సాక్షి గడిలో నేను పేరు మాత్రమే రాశాను. కింద బోలెడు చోటు మిగిలిపోయింది.

ఒక ప్రతి ఇంజనీరమ్మ ఫైలులోకి వెళ్లింది. రెండోది అక్క తీసుకుని, నిలువుగా సన్నగా మడిచి, బల్ల మీద ఖాళీగా పడున్న కొలకర్ర ఒరలోకి జారవిడిచింది. అది చప్పుడు చెయ్యకుండా అడుగు దాకా వెళ్లింది. ఆపైన ఒర మూతికి ముడి వేసి, బీరువాలో పెట్టింది.